కాజాల అట్టలో మాణిక్యాంబ

ప్రభుత్వానికి ఎప్పుడు దేనిమీద ప్రేమ పుడుతుందో చెప్పలేం. ఒక ఏడు వేపమొక్కల మీద పుడుతుంది, మరుసటి ఏడు వానపాముల మీద పుడుతుంది. ఆ ఏడు మాత్రం జనం జ్ఞాపకాల మీద పుట్టింది. ఇళ్ళల్లో ట్రంకుపెట్టెల అడుగున పాత ఫొటో నెగటివులు మగ్గిపోతున్నాయనీ, వాటినలా వదిలేస్తే రాష్ట్రానికి గతమే లేకుండా పోతుందనీ ఒక సభలో ఎవరో పెద్దమనిషి కంటతడి పెట్టాడు. ఆ తడి ఆరకముందే జ్ఞాపకాల పరిరక్షణ శాఖ వెలిసింది. కాకినాడలో దానికో జిల్లా కార్యాలయం, కార్యాలయానికో ఉపసంచాలకులు, ఆయనకో జీపు, జీపుకో డ్రైవరు చకచకా అమిరారు. నెగటివులు స్కాన్ చేసే యంత్రం కూడా వచ్చింది గానీ, అది కాస్త వెనకగా వచ్చింది.

యంత్రంతో పాటు రెండు హోల్డర్లు వచ్చాయి. హోల్డరంటే బ్రహ్మవిద్యేం కాదు. ఫిల్ము చుట్టుకుపోకుండా, అద్దానికి అంటుకోకుండా నాలుగంచులా పట్టి ఉంచే నల్లటి ప్లాస్టిక్ చట్రం. ఒకటి పెళ్ళిళ్ళలో అందరం చూసిన సన్న ఫిల్ముకి, రెండోది స్టూడియోవాళ్ళు వాడిన వెడల్పు ఫిల్ముకి. లోకంలో ఇంకెన్ని కొలతల ఫిల్ములున్నాయో శాఖ విచారించలేదు. విచారించడం కంటే ఉత్తర్వు జారీ చెయ్యడం తేలిక కాబట్టి ఆ పని చేసింది. ఆమోదిత హోల్డరులో పట్టని ఏ వస్తువూ ఫిల్ముగా పరిగణించబడదు. సొంత యంత్రాలతో ఇళ్ళలో స్కాన్ చేసుకొనువారు సైతం ఆమోదిత హోల్డర్లనే వాడవలెను. తదితర హోల్డర్లు జప్తు చేయబడును.

జగన్నాథపురంలో ఉండే పేరిందేవికి ఈ ఉత్తర్వు సంగతి తెలియదు. ఆవిడ గర్ల్స్ హైస్కూల్లోనూ, తరవాత బాయ్స్ హైస్కూల్లోనూ డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయింది. ఊళ్ళో సగం మందికి ఏనుగు తొండం ఎలా వంచాలో నేర్పిన మనిషి. ఎవరి మొహాన్నయినా రెండు గీతల్లో పట్టేస్తుందని ఆవిడకి పేరు. అలాంటి మనిషికి తన తల్లి మొహం మాత్రం తెలియదు. తల్లి మాణిక్యాంబ పాలు తాగే పిల్లని వదిలేసి జ్వరంతో పోయింది. ఫొటో లేదు. పెద్దమ్మనడిగితే మీ అమ్మ పొడుగంది. మేనత్తనడిగితే అబ్బే, పొట్టంది. తండ్రినడిగితే కండువా దులుపుకుని వీధిలోకి వెళ్ళిపోయేవాడు. ఎవరింట్లోనైనా "అచ్చం వాళ్ళమ్మే" అనే మాట వినబడితే పేరిందేవి అరవై దాటిన వయసులో కూడా ఏదో పనున్నట్టు లేచి వచ్చేసేది.

ఆ మధ్య మేనమామ కూతురు సత్యవేణి పాత సామాన్లు సర్దుతుంటే ఒక పౌడరు డబ్బా దొరికింది. మేనమామ ఓడరేవులో గుమాస్తాగా ఉండే రోజుల్లో ఎవరో ఓడవాడి దగ్గర చిన్న కెమెరా ఒకటి సంపాదించాడట. దాంతో చెల్లెల్ని ఫొటో తీశాడట. మద్రాసు పంపించి కడిగించిన ఫిల్ము వచ్చేసరికి చెల్లెలు లేదు. ఆ మనిషి ఆ డబ్బా మూత మళ్ళీ తియ్యలేదు. సముద్రపు తేమకి ఫిల్మంతా అంటుకుపోయి, ఒక్క ముక్క మాత్రం మిగిలింది. "వదినా, ఇందులో ఉన్నది అత్తేనేమో చూడు" అని సత్యవేణి దాన్ని పట్టుకొచ్చి చేతిలో పెట్టింది.

వెలుతురుకి పట్టి చూస్తే తెల్లటి జుట్టు, నల్లటి మొహం. నెగటివు కదా, అంతే ఉంటుంది. ఫోనుతో తీద్దామంటే ముక్క చుట్టుకుపోయి, కిటికీ ఊచలూ ఆవిడ బొటనవేలూ తప్ప ఇంకేం పడలేదు. బొమ్మలు దాచుకోవడానికి కొనుక్కున్న స్కానరొకటి ఇంట్లో ఉంది, మూతలో దీపం ఉండే రకం. దానితో వచ్చిన సన్న హోల్డరులో ముక్క పట్టలేదు, వెడల్పు హోల్డరులోంచి జారిపోయింది. అక్కకి బిగువు, చెల్లికి వదులు అన్న జాకెట్టు వరస. నేరుగా అద్దం మీద పెడితే అమ్మ మొహం ఉండవలసిన చోట రంగురంగుల సుళ్ళు తేలాయి.

దాంతో పేరిందేవి కత్తెర తీసింది. శుభలేఖ అట్ట పల్చనై వంగిపోయింది. చెప్పుల పెట్టె అట్ట మరీ మందమైంది. చివరికి పక్కింటివాళ్ళు గృహప్రవేశానికి పంచిన కాజాల డబ్బా అట్ట సరిగ్గా సరిపోయింది. రెండు రేకులుగా మడిచి, మధ్యలో కిటికీ కోసి, ఫిల్ము ముక్కని ఆ రేకుల నడుమ పెట్టి అంచులు టేపుతో బిగించింది. ఎడమ మూల నెయ్యి మరకా, అంచున డబ్బా మీది పేరులో తెగిపోగా మిగిలిన "జా" అన్న అక్షరమూ ఉండిపోయాయి. అందం కోసం కాదు కదా అనుకుంది. దాన్ని స్కానరు అద్దం మీద పెట్టి మూత వేసి, మీట మీద వేలు పెట్టబోతుండగా తలుపు చప్పుడైంది.

వచ్చినవాడు తాతాజీ. గృహ జ్ఞాపకాల తనిఖీ అధికారి. ఒకప్పుడు ఆవిడ దగ్గరే డ్రాయింగు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడు అనడం మర్యాద కోసం, వాడు గీసిన ఆవుని వాళ్ళ నాన్నే గేదె అనుకున్నాడు. టీచరుగారి కాళ్ళకి దణ్ణం పెట్టి, మంచినీళ్ళు తాగి, స్కానరు మూత ఎత్తి చూశాడు.

"ఇది ఆమోదిత హోల్డరు కాదండి, టీచరుగారూ."

"కాదురా. కాజాల డబ్బా."

నేరం ఒప్పుకోవడంతో వాడి పని సులువైంది. జప్తు చేస్తున్నానని చెప్పి సంచి విప్పాడు. అట్ట కావాలంటే తీసుకుపొమ్మనీ, ఫిల్ము ముక్క తీసి ఇస్తే చాలుననీ ఆవిడంది. తాతాజీ బాధగా తల అడ్డంగా తిప్పాడు. దొరికిన వస్తువుని దొరికిన స్థితిలోనే తీసుకెళ్ళాలిట. టేపు ఊడదీస్తే సాక్ష్యం చెదిరిపోతుందిట.

"అందులో మా అమ్మ ఉందిరా."

"హోల్డరుంటే హోల్డరని రాస్తానండి. ఆవిణ్ణి రాయడానికి గడి లేదండాయ్" అన్నాడు తాతాజీ. మళ్ళీ దణ్ణం పెట్టి, మాణిక్యాంబని సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పేరిందేవి ఆఫీసుకి వెళ్ళింది. ఉపసంచాలకులు ఓరుగంటి భానోజీరావు గారు ఆవిణ్ణి ఆదరంగా కూర్చోబెట్టారు. ఆయన ఎవరినీ కసురుకునే మనిషి కాదు. కసురుకునేవాళ్ళతో ఏదో ఒక విధంగా పని జరుగుతుంది, ఈయనతో ఆ భయం లేదు. ఆవిడ చెప్పినదంతా కళ్ళు మూసుకుని విని, సదరు వస్తువును ఏదో ఒక ఆమోదిత హోల్డరుకు అనుగుణంగా కత్తిరించినచో శాఖాపరంగా అభ్యంతరం ఉండబోదని సెలవిచ్చారు. అయితే సన్న హోల్డరులో మనిషి మొత్తం పట్టదు. "తల భాగమును పరిరక్షించవలెనో, పాద భాగమును పరిరక్షించవలెనో తమరు రాతపూర్వకంగా తెలియజేస్తే తగు చర్య తీసుకొనబడుతుందమ్మా."

"తల లేకుండా పాదాలు నాకెందుకండీ?"

"తలకు ప్రాధాన్యత" అని ఆయన రాసుకున్నారు. రాసుకుంటుండగా ఒక చిక్కు తట్టింది. ఆ వస్తువు ఏ హోల్డరులోనూ పట్టదు కనుక అది ఫిల్ము కాదు. ఫిల్ము కాని వస్తువును కత్తిరించే అధికారం ఆయనకు లేదు. తిరిగి ఇచ్చే అధికారమూ లేదు, ఎందుకంటే జప్తు చేసినది హోల్డరును, అందులో ఏదో ఉన్నట్టు దాఖలా లేదు. ఈ అధికారాలన్నీ ఎవరికున్నాయో రాజధానికి రాసి తెలుసుకుంటానని ఆయన మాటిచ్చారు. పేరిందేవికి ఒళ్ళు మండింది. కానీ అమ్మ తల తెగకుండా బయటపడినందుకు ఆ పూటకి గుమ్మంలోనే మొక్కుకుని ఇంటికొచ్చింది.

రాజధాని నుంచి జవాబు రాలేదు గానీ వేరే ఉత్తర్వు వచ్చింది. స్థానిక ఆవిష్కరణల పక్షోత్సవం జరుగుతోంది, ప్రతి జిల్లా తప్పనిసరిగా ఒక ఆవిష్కరణ పంపవలెను. భానోజీరావు గారి కార్యాలయంలో అప్పటిదాకా ఎవరూ దేన్నీ ఆవిష్కరించిన పాపాన పోలేదు, శిలాఫలకాలు తప్ప. గడువు దగ్గర పడుతుంటే ఆయన బీరువా తెరిపించారు. అందులో ఉన్నది ఒకే ఒక్క వస్తువు. సాయంత్రానికల్లా జప్తు వస్తువు కాస్తా జిల్లా ఆవిష్కరణ అయింది. ఆవిష్కర్త పేరు దగ్గర కార్యాలయం పేరే రాశారు.

రాజధానిలో ఆ అట్టని చూసి మురిసిపోయారు. విదేశీ ప్లాస్టిక్ లేదు, పల్లె వృత్తుల పరిమళం ఉంది, వాసన చూస్తే నిజంగానే ఉంది. రాష్ట్రమంతటికీ ఇదే ప్రామాణిక హోల్డరు కావాలన్నారు. నమూనాను యథాతథంగా వర్ణించడానికి సాంకేతిక సంఘం కూర్చుంది. ఒకటో నంబరు భాగం, అట్ట. రెండో నంబరు భాగం, ఎడమ మూల నెయ్యి మరక. మూడో నంబరు భాగం, మధ్యన నల్లని పలుచని ముక్క, ప్రయోజనం తెలియదు, అయినను తొలగించరాదు. "జా" అన్న అక్షరం నమూనాలో ఉంది కనుక అన్నిటి మీదా ఉండాలన్నారు. నెయ్యి ఆవుదా గేదెదా అన్న దగ్గర సంఘం రెండుగా చీలింది. దాన్ని తేల్చడానికి ఒక ఉపసంఘమూ, గోదాములకి చీమలు పట్టినప్పుడు చీమల నివారణకి ఒక ప్రత్యేకాధికారీ అవసరమయ్యారు.

కాంట్రాక్టరు బుద్ధిమంతుడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. మూడో నంబరు భాగానికి దళసరి నల్ల ప్లాస్టిక్కు వాడాడు, కలకాలం మన్నేలా. అలా కిటికీ మూసుకుపోయిన హోల్డర్లు అన్ని జిల్లాలకీ చేరాయి. జనం తెచ్చిన ఫిల్ములను ఆ నల్లముక్క మీద పరిచి స్కాన్ చెయ్యడం మొదలెట్టారు. పెళ్ళిపీటల మీద కూర్చున్నవాళ్ళు నల్లగా వచ్చారు. పుష్కర స్నానం నల్లగా వచ్చింది. తాతలు, మనవలు, బళ్ళో తీసిన గుంపు ఫొటోలు, అన్నీ చదరంగా, నున్నగా, ఒకే నలుపులో వచ్చాయి. ఫిర్యాదు చేసినవారికి "మీ జ్ఞాపకము సురక్షితముగా ఉన్నది" అని జవాబు వెళ్ళింది. మునుపు ఒక్కొక్కరి ఫొటో ఒక్కో తీరుగా వచ్చేదనీ, ఇప్పుడు ధనిక పేద తేడా లేకుండా సంపూర్ణ ఏకరూపత సాధించామనీ భానోజీరావు గారు వార్షిక నివేదికలో రాశారు. ఆ వాక్యం కోసం ఆయనకి శాలువా కప్పారు.

ఈ శాలువా గోలలో పేరిందేవి అర్జీలు పెడుతూనే ఉంది. మూడో నంబరు భాగం మా అమ్మ, దయచేసి ఇప్పించండి అని. ప్రామాణిక హోల్డరులో అమ్మ అను భాగము లేదని జవాబు వచ్చింది. కావాలంటే ప్రామాణిక హోల్డరొకటి ఉచితంగా ఇస్తామని తాతాజీ చేత పంపించారు కూడా. ఆవిడ దాన్ని వాసన చూసి, గోడవతల చీమలపుట్ట దగ్గర పెట్టింది.

ఏడాది గిర్రున తిరిగింది. శాఖ పుట్టినరోజుకి టౌన్ హాల్లో ప్రదర్శన పెట్టారు. మొట్టమొదటి హోల్డరుని, అసలైనదాన్ని, రాజధాని నుంచి తెప్పించి రెండు దళసరి అద్దాల మధ్య బిగించి నడి హాల్లో నిలబెట్టారు. నెయ్యి మరక జనానికి స్పష్టంగా కనబడాలని వెనక తెల్లటి దీపం వెలిగించారు. పేరిందేవి ఆ సంగతి పేపర్లో చదివి, ఉతికిన చీర కట్టుకుని, దగ్గరివాళ్ళని ఆసుపత్రిలో చూడబోయినట్టుగా వెళ్ళింది.

హాలు దాదాపు ఖాళీ. కాపలాకి మంగతాయారు అనే ఆవిడ ఖాకీ చీర కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. పేరిందేవి అద్దం దగ్గరికెళ్ళి చూసింది. ఏడాదిగా అట్టలోనూ, ఇప్పుడు అద్దాల మధ్యా నలిగి ఫిల్ము ముక్క చాపలా సాపయింది. ఆ శాఖ మొత్తమ్మీద పరిరక్షించినదంటూ ఉంటే అదొక్కటే, అది కూడా తెలియక చేసింది. వెనక దీపం నిండుగా వెలుగుతోంది. పేరిందేవి సంచిలోంచి ఫోను తీసింది.

"ఇక్కడ ఫొటోలు తియ్యకూడదండి" అంది మంగతాయారు లేచి వస్తూ.

"నేను తియ్యట్లేదమ్మా. అరవయ్యేళ్ళ కిందటే మా మావయ్య తీసేశాడు. నేను చూసుకుంటున్నానంతే."

ఈ మాటకి ఏ రూలు వర్తిస్తుందో మంగతాయారుకి తెలియలేదు. ఆలోచిస్తూ నిలబడింది. ఈలోగా పేరిందేవి ఫొటో పట్టేసి, నలుపుని తెలుపుగా తెలుపుని నలుపుగా తిరగేసే మీట నొక్కింది.

పెరట్లో ఎండ. దడికట్టు. ఇరవయ్యేళ్ళుంటాయో ఉండవో, ఒక పిల్ల, ఎండకి ఒక కన్ను చికిలించి నవ్వుతోంది. పొడుగూ కాదు, పొట్టీ కాదు. చంకలో పసిబిడ్డ కదిలిపోయి ఉత్త పొగలా పడింది. తల్లి మాత్రం అన్నగారు కదలొద్దన్నాడు కాబోలు, కదలకుండా నిలబడింది. ఆ చికిలించిన కన్నుని పేరిందేవి రోజూ పొద్దున్నే అద్దంలో చూస్తూనే ఉంది. ఇన్నాళ్ళూ అది ఎవరిదో తెలియక తనదే అనుకుంది.

మంగతాయారు భుజం మీదుగా తొంగిచూసింది. "మీ అమ్మాయాండీ? అచ్చం మీ పోలికే."

"మా అమ్మ" అంది పేరిందేవి. అని, కాపలావాళ్ళ కుర్చీలో కూర్చుని, పమిట కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సందర్శకులు ఆ కుర్చీలో కూర్చోకూడదు. మంగతాయారు ఆ సంగతి చెప్పలేదు, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

బొమ్మ దొరికింది కదా అని పేరిందేవి ఊరుకోలేదు. అమ్మ మీద పడిన వెలుతురు తాకింది ఆ ముక్కనే. అదే కావాలి. ఫొటోని అచ్చు వేయించి, ఇదిగో ఋజువు, మూడో నంబరు భాగం మా అమ్మేనని తేలింది, ఇకనైనా ఇవ్వండి అని అర్జీకి జతచేసింది. ఈసారి ఆఫీసు అదిరిపోయింది. భానోజీరావు గారు స్వయంగా ఫోను చేసి, సాంకేతిక సంఘానికే అంతుబట్టని మూడో భాగం రహస్యాన్ని ఛేదించినందుకు శాఖ తరఫున అభినందించారు. "ఇంతకాలము ప్రామాణిక హోల్డర్లన్నియు అసంపూర్ణముగా తయారగుచున్నవని తమరి వలన తెలియవచ్చినదమ్మా. తక్షణమే సవరణ జరుగును" అన్నారు.

సవరణ జరిగింది. నల్ల ప్లాస్టిక్కు తీసేసి, ఆ చోట పేరిందేవి ఇచ్చిన ఫొటోనే అచ్చువేసి అతికించారు. ఇక అప్పటి నుంచి రాష్ట్రంలో ఎవరు ఏ ఫిల్ము ఇచ్చినా మాణిక్యాంబ రావడం మొదలెట్టింది. పెళ్ళి ఫొటో ఇచ్చినవాళ్ళకి మాణిక్యాంబ, ఫుట్‌బాల్ జట్టు ఫొటో ఇచ్చినవాళ్ళకి మాణిక్యాంబ. నలుపు కంటే నయమే కదా అని జనం సర్దుకున్నారు. పిఠాపురంలో ఒకాయన తన తాతగారి వర్ధంతికి ఈ ఫొటోకే దండవేసి బ్రాహ్మలకి భోజనాలు పెట్టాడు. గవర్నమెంటు ఇచ్చిన ఫొటోని కాదనడానికి నేనెవర్ని అన్నాడట. పేరిందేవి బజారుకెళితే కూరగాయలమ్మి తూకం ఆపి మరీ చూసేది. "మిమ్మల్ని ఎక్కడో చూశానండి. మా అత్తగారి ఫొటోలో అనుకుంటా."

మొదట్లో పేరిందేవికి కోపం వచ్చింది. తరవాత నవ్వొచ్చింది. ఊరంతా అమ్మే ఉన్నా, అసలుది మాత్రం ఇంటికి రాలేదన్నది తల్చుకున్నప్పుడు రెండూ పోయి దిగులు మిగిలేది.

అసలుది ఎలా వచ్చిందంటే, శాఖ తెలివి వల్లనే వచ్చింది. రెండో ఏడు తనిఖీకి వచ్చిన బృందం టౌన్ హాల్లో ఉన్న నమూనాని కొత్త ప్రామాణిక హోల్డరుతో పోల్చి చూసింది. ప్రామాణిక హోల్డరులోని స్త్రీకి జుట్టు నల్లగా, మొహం తెల్లగా ఉంది. నమూనాలోని స్త్రీకి జుట్టు తెల్లగా, మొహం నల్లగా ఉంది. పైగా అద్దానికి వెనకవైపు నుంచి చూస్తే కుడిచెయ్యి ఎడమవైపుంది. కనుక నమూనా నకిలీదనీ, ఎవరో దుండగులు అసలుదాన్ని మార్చేశారనీ తీర్మానించి, నకిలీని ధ్వంసం చేయవలసిందిగా తనిఖీ అధికారి తాతాజీని ఆదేశించారు.

ఒక మధ్యాహ్నం తాతాజీ మళ్ళీ వచ్చాడు. ఈసారి సంచి తేలేదు, చేతిలో కాజాల డబ్బా ఉంది. చొక్కా జేబులోంచి ఆ అట్టని తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. నెయ్యి మరక, "జా", టేపు, అన్నీ అలాగే ఉన్నాయి. ధ్వంసం చేశానని రాసేశానండి అన్నాడు. పేరిందేవి ఆ అట్టని ఒళ్ళో పెట్టుకుని, నాలుగంచులూ వేలితో తడుముతూ కూర్చుంది.

తాతాజీ వెళ్ళలేదు. పర్సులోంచి కాగితం పొట్లం తీశాడు. వాళ్ళ నాన్న పోయి మూడు నెలలైందట. ఆయన ఫొటో ఆఫీసులో స్కాన్‌కి ఇస్తే మాణిక్యాంబగారు వచ్చారట. ఆవిడ నవ్వు బావుందండి గానీ, మా అమ్మ ఒప్పుకోవట్లేదండి అన్నాడు. పొట్లం విప్పితే లోపల చిటికెన వేలి గోరంత ఫిల్ము. ఏ హోల్డరులోనూ పట్టేది కాదు. అంటే శాఖ లెక్కన అది ఫిల్మే కాదు, అందులో ఉన్నది వాళ్ళ నాన్నా కాదు.

"కాజాలు మీకేనండి" అన్నాడు డబ్బా ముందుకు జరుపుతూ. "డబ్బా ఉంచుతారని."

పేరిందేవి కళ్ళు తుడుచుకుని, కాజాలు పళ్ళెంలోకి తీసి, డబ్బా మూతని వెలుతురులో పెట్టి మందం చూసింది. కత్తెర అందుకుని, ముందు తలుపు గడియ వేసి రమ్మంది. తనిఖీవాళ్ళు వస్తారంది.

"ఆ తనిఖీ చేసేది నేనేనండి, టీచరుగారూ."

"తెలుసురా. అందుకే, నువ్వు లోపలుండగానే వెయ్యి."

తాతాజీ గడియ వేసి వచ్చి, ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, వాళ్ళ నాన్నని రెండు వేళ్ళతో కాగితంలోంచి జాగ్రత్తగా పైకి తీశాడు.